చూసేవారి కోసమా, ఉండేవారి కోసమా?

పుత్తూరు పేరు చెప్పగానే తెలుగువారికే కాక తమిళులకూ కన్నడిగులకూ కూడా మొదట స్ఫురించేది ఎముకల కట్టు. మా ఊరి పక్కనున్న రాచపాళెంలో నూరేళ్ళకు పైబడి, వంశపారంపర్యంగా, ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీలతో విరిగిన ఎముకలకు కట్టు కడుతున్నారు. తిరుపతి, చెన్నై మధ్య తిరిగే బస్సులలో చేయి మెడకు వేలాడదీసుకొన్న ప్రయాణికులు కనబడని రోజు అరుదు. అటువంటి ఊళ్ళో కాపురముంటూ గృహాలంకరణను గురించి వ్రాయబూనడం పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ ఈ రెండు విషయాలూ మా ఇంటి హాలులోనే ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఆ అనుభవమే ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

మా ఇంటి ముచ్చట

మాది మధ్యతరగతి కుటుంబం. రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు, వెనుక వసారా, చిన్న పెరడు. మామగారి కాలంలో కట్టిన ఇల్లు గనుక నేలకు కడపబండలు, గోడలకు సున్నం. మా అమ్మాయికి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు, వచ్చేవారి కంటికి ఇల్లు వెలవెలబోతూ కనిపించకూడదని మా వారూ నేనూ నిశ్చయించుకొన్నాము. బండల మీద నిగనిగలాడే టైల్స్ పరిపించాము. హాలు గోడలకు మెరిసే ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాము. వాయిదాల మీద రెక్సిన్ సోఫాసెట్టు, గాజుపలక టీపాయి, కిటికీలకు బరువైన నైలాన్ తెరలు వచ్చాయి. సోఫా పట్టే గోడ మరొకటి లేకపోవడంతో తూర్పు కిటికీకి అడ్డంగా వేశాము. ప్లైవుడ్ బీరువా ఒకటి పడకగదిలో మూడోవంతు ఆక్రమించింది. మా అత్తగారి నవారు మంచం హాలులో ఉంటే బాగుండదని వసారాలోకి మార్చాము.

పని పూర్తయిన నాడు మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి కలయజూశారు. "చూసేదానికి బాగుండాదమ్మా. ఉండేదానికే..." అని మాట సగంలో ఆపివేశారు. ఆ మాటలో మిగిలిన సగం నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

కార్తీకమాసం. మా ప్రాంతంలో వానలు గట్టిగా పడేది ఆ రోజుల్లోనే. సాయంకాలం జల్లు లోపలికి కొట్టి గుమ్మం దగ్గర నాలుగు టైల్స్ తడిశాయి. తెల్లని మెరుపు నేలమీద నీళ్ళున్నదీ లేనిదీ కళ్ళున్నవారికే తెలియదు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఎట్లా తెలుస్తుంది? సంధ్యాదీపం పెట్టడానికి వసారా నుంచి వస్తూ ఆమె కాలు జారారు. పట్టుకొందామంటే చేతికందిన ఆధారం లేదు. సోఫాకూ టీపాయికీ మధ్యనున్న సందులో ఎడమచేతి మీద పడ్డారు. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాము. ఎముక చిట్లినా పక్కకు తొలగలేదన్నారు. తరువాత ఆమె పట్టుదల మీద కట్టు కట్టించాము. "పుత్తూర్లో ఉంటా ఇంకో ఊరికి పోయేదేమి?" అన్నారామె. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పడం నా విధి. తుంటి ఎముక విరిగినా, చర్మం చీలి ఎముక బయటపడినా, తలకు దెబ్బ తగిలినా, వ్రేళ్ళు చల్లబడి స్పర్శ తగ్గినా ఎంతమాత్రం ఆలస్యం చేయక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. కట్టుకు ముందు ఎక్స్‌రే తప్పనిసరి.

కట్టు కోసం కూర్చున్నప్పుడు పక్కన ఉన్నవారితో మాట కలిసింది. తిరుత్తణి నుంచి వచ్చిన ఒక వృద్ధురాలు స్నానాలగదిలో జారారట. మరొకామె రాత్రివేళ చిన్న తివాచీ అంచు కాలికి తగిలి పడ్డారట. ఎవరూ కొండలెక్కి పడలేదు. రోజూ తిరిగే ఇంట్లోనే, తెలిసిన చోటే పడ్డారు.

ఆ తరువాతి ఆరు వారాలూ మాకు పాఠశాల వంటివి. లోతైన సోఫాలో కూర్చొన్న మనిషి ఒక్క చేతితో లేవలేరు. ఇద్దరం చెరొక పక్క పట్టి లేపవలసి వచ్చేది. పడకగది నుంచి స్నానాలగదికి వెళ్ళాలంటే బీరువా చుట్టూ, టీపాయి చుట్టూ, సోఫా చుట్టూ తిరగాలి. తూర్పు కిటికీ రెండు నెలలుగా తెరుచుకోలేదు. కొత్త వార్నీషు వాసనకు మా అమ్మాయి రాత్రిళ్ళు దగ్గుతూనే ఉంది. అప్పుడు లెక్క వేసుకొన్నాను. ఎప్పుడో వచ్చి అరగంట కూర్చునే అతిథికి తూర్పు కిటికీ ఇచ్చి, ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే ఉండే మనిషికి వసారా ఇచ్చాము. మేము చేసిన అలంకరణ సారాంశం ఇంతే.

శాస్త్రం ఏమి కోరుతున్నది?

మన వైద్యశాస్త్రం మూలికలను గురించి మాత్రమే చెప్పిందనుకోవడం పొరపాటు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఉపస్తంభాలని చరకుడు అన్నాడు. నిద్రను కలిగించే ఉపాయాలను చెబుతూ అభ్యంగనం, స్నానం, పాలు, నేతులతో పాటు చక్కగా పరచిన పడకనూ, సుఖమైన ఇంటినీ చేర్చాడు. సూత్రస్థానం 15వ అధ్యాయంలో రోగి ఉండవలసిన గృహాన్ని వర్ణిస్తూ, అది దృఢంగా ఉండాలనీ, ఈదురుగాలి తగలకుండా ఒకవైపు నుంచి గాలి ఆడాలనీ, పొగ, ఎండ, దుమ్ము చొరబడరాదనీ, అందులో సుఖంగా అటూ ఇటూ నడవడానికి వీలుండాలనీ చెప్పాడు. ఈ చివరిదానికి ఆయన వాడిన మాట 'సుఖప్రవిచారం'. ఆ ఒక్క మాట మా హాలులో అప్పటికి లేదు.

శారీరస్థానం 8వ అధ్యాయంలో శిశువు గదిని గురించి చెప్పిన మాటలు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. ఆ గది చీకటి లేనిదై, ఎలుకలు, పురుగులు లేనిదై ఉండాలట. పడక మెత్తగా, తేలికగా, శుభ్రంగా, సువాసనతో ఉండాలట. బొమ్మలు రంగురంగులుగా, చప్పుడు చేస్తూ ఉండాలి గానీ బరువైనవి, మొన తేలినవి, నోట్లో పట్టేవి, భయం గొలిపేవి కారాదట. నేటి బొమ్మల పెట్టెల మీద ముద్రించే హెచ్చరికలకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. అదే చోట ఆ గది 'రమ్యం'గా ఉండాలని కూడా అన్నాడు. కాబట్టి అందం వద్దని శాస్త్రం అనలేదు. నేనూ అనడం లేదు. గాలి, వెలుతురు, నడక, నిద్ర అనే నాలుగింటికీ అడ్డురాని అందమే ఇంటికి అందం. అట్టి అందానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదని మా ఇంట్లో ఋజువైంది.

మొదటి అలంకరణ తీసివేయడమే

డబ్బు ఖర్చు కాని అలంకరణ ఒకటున్నది. అనవసరమైనదాన్ని గదిలో నుంచి తీసివేయడం. గాజు టీపాయిని అమ్మివేశాము. సోఫాలో పెద్దదాన్ని పశ్చిమపు గోడకు జరిపి, మిగిలిన రెండింటినీ ఒక బంధువుకు ఇచ్చాము. ప్లాస్టిక్ పువ్వుల గుత్తులు దుమ్ముకు నిలయాలు, వాటిని పారవేశాము. ఆ సాయంకాలమే గది రెట్టింపు అయినట్లు తోచింది. మా వారు తూర్పు కిటికీ రెక్కలు తెరిచారు. మరునాటి ఉదయం మా అత్తగారి నవారు మంచం ఆ కిటికీ పక్కకు చేరింది.

నైలాన్ తెరల స్థానంలో పలుచని నూలు తెరలు కుట్టించాము. నగరి, పుత్తూరు మగ్గాల ఊళ్ళు. తెరబట్ట కోసం పట్నాలకు పరుగెత్తనవసరం లేదు. నేత గట్టిగా ఉన్న లేతరంగు నూలుబట్ట గజాల లెక్కన తెచ్చుకొని, ఉతికి కుదించిన తరువాత కుట్టించాలి. పదిహేను రోజులకొకసారి ఉతకగలిగిన తెరే ఆరోగ్యకరమైన తెర. ఉతకడానికి బద్ధకించేటంత బరువైన తెర ఎంత ఖరీదైనా దుమ్ముసంచి మాత్రమే.

మా ప్రాంతపు ఎండాకాలంలో కిటికీలను తెల్లవారుజామునా, ప్రొద్దుగుంకిన తరువాతా బార్లా తెరిచి, మిట్టమధ్యాహ్నం మూసి ఉంచడం మేలు. గాలి వచ్చే కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చిలకరిస్తే గదికి చల్లదనమూ, పరిమళమూ కలుగుతాయి. అయితే తడికను రాత్రికి దించి ఆరనివ్వాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పట్టి, మేలు బదులు ఉబ్బసం తెచ్చిపెడుతుంది.

గోడలూ, పైకప్పూ

సున్నం పేదవారి రంగు అనే చులకన భావం మనలో పాతుకొన్నది. సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల గోడలకు బూజు త్వరగా పట్టదు. గోడలోని చెమ్మ బయటికి పోవడానికి అది అడ్డుపడదు. తాజా సున్నాన్ని రెండు రోజులు నీళ్ళలో నాననిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త గంజి కలిపి, తడిపిన గోడకు పలుచగా మూడు పూతలు వేస్తే బట్టలకు అంటుకోవడం చాలావరకు తగ్గుతుంది. రవ్వంత నీలిమందు కలిపితే తెలుపు మరింత తేటగా కనిపిస్తుంది. సున్నం నీళ్ళలో వేసినప్పుడు సలసల కాగుతుంది గనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు. కంట్లో పడితే చూపునకే ప్రమాదం. ఒకసారి ప్లాస్టిక్ రంగు వేసిన గోడకు సున్నం అంటదు. అందువల్ల మా హాలును అట్లాగే వదిలి, తక్కిన రెండు గదులకూ సున్నమే వేయించాము.

సున్నానికి గోడకంటె మంచి చోటు డాబా. ఎండాకాలానికి ముందు పైకప్పు మీద తెల్లసున్నం రెండు పూతలు వేస్తే సూర్యరశ్మిని వెనక్కు త్రిప్పికొట్టి క్రింది గదిలో వేడిని తగ్గిస్తుంది. పెద్దలు ఎరిగిన ఈ కిటుకునే ఇప్పుడు ప్రభుత్వాలు చేపడుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. పడకగదిని అలంకరించడానికి డబ్బు తక్కువగా ఉన్నవారు ఆ డబ్బును మొదట నెత్తిమీద ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం. వేసవి రాత్రి నిద్రపట్టని గదిలో గోడబొమ్మలు ఎంత అందంగా ఉంటే ఏమి లాభం?

ప్లైవుడ్, అట్ట చెక్కలతో చేసిన కొత్త సామగ్రిని గురించి ఒక హెచ్చరిక. వాటిని అతికించే జిగురులలో చాలావాటి నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి వెలువడుతుంది. కళ్ళమంట, గొంతు గరగర, దగ్గు కలిగించే ఈ వాయువును ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కొత్త బీరువా కొన్నవారు కొన్ని వారాలు గదిని బాగా గాలి ఆడనివ్వాలి. పసిపిల్లలను, బాలింతలను ఆ గదిలో పడుకోబెట్టరాదు. తరం వాడిన టేకు పెట్టె, ఇనుప బీరువా ఉన్నవారు వాటికే మెరుగు పెట్టించుకొంటే డబ్బూ దక్కుతుంది, ఊపిరీ దక్కుతుంది. అయితే పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఇంటి రంగులలో సీసాన్ని పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించనీయరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. కాబట్టి పాత కిటికీ రంగును పొడిగా గీకించకూడదు. తడిపి, పిల్లలను దూరంగా ఉంచి గీకించి, ఆ పొడిని జాగ్రత్తగా ఎత్తి పారవేయాలి.

నేలను నమ్మదగినదిగా చేయడం

వేసిన టైల్స్ తవ్విపారవేసే స్తోమత మాకు లేదు. అందుకని ఉన్నదాన్నే దిద్దుకొన్నాము. గుమ్మానికి బయట గరుకైన కొబ్బరిపీచు పట్టా, లోపల అడుగున రబ్బరు అంటించిన పట్టా వేశాము. జారిపోయే చిన్న తివాచీలన్నీ తీసివేశాము. పడకగది నుంచి స్నానాలగది వరకు దారిలో ఏ వస్తువూ ఉండకుండా ఖాళీ చేశాము. స్నానాలగదిలోనూ, దాని గుమ్మం పక్కనా గోడలో గట్టిగా బిగించిన స్టీలు కమ్మీలు పెట్టించాము. దారిలో రెండు చిన్న రాత్రిదీపాలు అమర్చాము.

కొత్తగా ఇల్లు కట్టుకొనేవారికి ఒక మనవి. నిగనిగలాడే పలకలకంటె గరుకు ముఖమున్న పలకలను, వీలైతే మన రాయలసీమలోనే దొరికే కడపబండలను, వాటి సహజమైన గరుకుతోనే వేయించుకోండి. మా మామగారు వేయించిన బండల మీద నలభై ఏళ్ళపాటు మా ఇంట్లో ఎవరూ జారలేదు. వాటిని మేమే కప్పివేసుకొన్నాము.

పడకగది ఎవరిది?

పడకగది నిద్రకు. టెలివిజన్‌కు, ఇస్త్రీబట్టల మూటలకు, పాత పత్రికల కట్టలకు కాదు. మంచం మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. అంతకంటె ఎత్తైనా, పల్లమైనా పెద్దలకు ఇబ్బందే. నవారు సాగి ఊయలలా వ్రేలాడితే నడుము నొప్పి తప్పదు గనుక ఆరునెలలకొకసారి బిగించాలి.

పాత దూది పరుపు గడ్డలు కట్టిందని పారవేసి వేలు పోసి కొత్తది కొనే ముందు దూది ఏకేవారిని పిలవండి. మా ఇంట్లో రెండు పరుపులను విప్పించి, దూది ఏకించి, కొంత కొత్త దూది కలిపించి, కొత్త గలేబులు కుట్టించాము. పరుపులను పది రోజులకొకసారి మంచి ఎండలో వేసి బెత్తంతో దులిపితే చెమ్మ పోయి, దుమ్ములో పెరిగే సూక్ష్మమైన పురుగులు తగ్గుతాయి. ఎండవాసన ఉన్న పరుపునకు సాటివచ్చే సుగంధం మరొకటి లేదు. దిండుకు బూరుగుదూది మెత్తగా, చల్లగా ఉంటుంది.

రాత్రి భోజనం అయిన తరువాత తెల్లని ప్రకాశవంతమైన ట్యూబులైటు ఆర్పి, మందమైన పసుపు వెలుగు దీపం వేసుకోవాలి. మితిమీరిన వెలుగూ, చేతిలోని ఫోను వెలుగూ నిద్రను వెనక్కు నెడతాయని ఆధునిక వైద్యులూ చెబుతున్నారు. పడుకొనే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె రాసి మర్దన చేసుకోవడం మన పెద్దలు మెచ్చిన దినచర్య. అయితే టైల్స్ వేసిన ఇంట్లో నూనె కాళ్ళతో నేలమీద అడుగు పెట్టడం రాచపాళెం బస్సెక్కడానికి దగ్గరిదారి. మంచం మీదనే కూర్చొని రాసుకొని, పావుగంట ఆగి, పొడిగుడ్డతో అరికాళ్ళను శుభ్రంగా తుడుచుకొన్న తరువాతనే దిగాలి.

ఒక గోడకు ఒక్కటే

ఇన్ని చెప్పి అందం మాట మరచిపోలేదు. మా హాలు గోడకు ఇప్పుడు ఒకే ఒక అలంకారం ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట, మూరెడు పొడవుది. ఈ పత్రిక పాఠకులకు ఆ కళ పరాయిది కాజాలదు. ఎందుకంటే ఆ బట్టను మొదట నానబెట్టేది కరక్కాయ పొడి, పాలు కలిపిన ద్రవంలో. మన త్రిఫలలో ఒకటైన కరక్కాయే అక్కడ రంగు పట్టించే సాధనం. నలుపు కోసం ఇనుపముక్కలను బెల్లపునీటిలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఎరుపునకు పటిక, మంజిష్ఠ వంటివి, పసుపునకు కరకపువ్వు, నీలానికి నీలిమందు వాడతారు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దారంతో కట్టిన కలంతో చేతితో గీస్తారు. ఒక దశలో క్షీణించిన ఈ విద్యకు 1950వ దశకం చివర శ్రీకాళహస్తిలో నెలకొల్పిన ప్రభుత్వ శిక్షణ కేంద్రం మళ్ళీ ప్రాణం పోసింది. యంత్రం మీద అచ్చైన పాలియెస్టర్ బట్టను కూడా కలంకారీ పేరుతో అమ్మేవారున్నారు గనుక కొనేటప్పుడు గీత వంకరలనూ, బట్ట వెనుకవైపునూ చూసి కొనాలి. పెద్ద తెర కొనలేనివారు చిన్న ముక్కను కొని కర్రపుల్లకు వ్రేలాడదీయవచ్చు. నేరుగా ఎండ తగిలితే ప్రకృతిసిద్ధమైన రంగులు వెలిసిపోతాయి కాబట్టి నీడపట్టున ఉంచాలి.

కిటికీ గట్టుమీద రెండు మట్టికుండీలలో కలబంద, వాము ఆకు మొక్కలున్నాయి. పలమనేరు వైపు నుంచి వచ్చే కాల్చిన మట్టి పాత్రలు చవక, కంటికి చల్లన. గదిలోని మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారాన్ని మాత్రం నమ్మి మోసపోకండి. తెరచిన కిటికీ చేసే పని ముందు అవి చేసేది అత్యల్పం. వాటిని కంటి సుఖానికీ, దగ్గు వచ్చినప్పుడు రెండాకుల కషాయానికీ పెంచుకోండి. కుండీ క్రింది పళ్ళెంలో నీరు నిలవనీయకండి. డెంగ్యూ దోమకు అదే పురిటిల్లు.

పరిమళానికి సీసాలలో దొరికే గది సుగంధాలు అవసరం లేదు. బట్టల పెట్టెలో ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, వసకొమ్ము గుడ్డలో మూటకట్టి ఉంచితే చాలును. సాంబ్రాణి, గుగ్గిలం ధూపం వేసే ఆచారం మంచిదే. అయితే ఏ పొగ అయినా పొగే. కిటికీలు తెరచి, పసిపిల్లలూ ఉబ్బసం ఉన్నవారూ గదిలో లేనప్పుడు కొద్దిగా వేయాలి. దోమలకు ధూపంకంటె దోమతెర నమ్మకమైనది.

ఎదురయ్యే ప్రశ్నలు

"నలుగురూ వచ్చేచోట ఇట్లా ఉంటే చులకన కాదా?" అని మా బంధువులలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మధ్యతరగతివారికి ఇల్లు గోడలే కాదు, గౌరవం కూడా. మేము మొదట చేసిన ఖర్చంతా ఆ భయంతో చేసిందే. కానీ శుభ్రమైన గది, ఉతికిన తెర, వెలుతురు, కూర్చునేందుకు చోటు ఉన్న ఇంటిని చులకన చేసే అతిథి నాకింతవరకు తారసపడలేదు.

"అద్దె ఇంట్లో ఉన్నవారి మాటేమిటి?" అని మరొకరు అడిగారు. గోడలూ, నేలా మన చేతిలో లేకపోయినా మంచం స్థానం, తెర, పరుపు, రాత్రిదీపం, నడిచే దారి మన చేతిలోనివే. మెరుపు టైల్స్ తుడవడం సులభమన్నదీ నిజమే. అయితే తుడిచిన తడి ఆరేవరకు పెద్దలను కూర్చోబెట్టే ఓపిక ఉన్న ఇంటికే అవి తగును.

ఇక లెక్క. మొదటి అలంకరణకు మాకు లక్షా పదివేలు అయింది. రెండవసారి అయిన ఖర్చు ఇది: నూలు తెరలకు రూ. 2,400, పరుపులకు రూ. 2,600, స్టీలు కమ్మీలకు రూ. 1,500, రాత్రిదీపాలకు రూ. 300, పీచు పట్టాలకు రూ. 600, కలంకారీ ముక్కకు రూ. 1,800, రెండు గదులకూ డాబాకూ సున్నం, కూలీతో సహా రూ. 4,000. మొత్తం రూ. 13,200. సోఫా వాయిదాలు మాత్రం ఇంకా కడుతున్నాము.

మా అత్తగారి చేయి కుదుటబడింది. చలికాలం ఉదయాలలో మణికట్టు కొద్దిగా లాగుతుందంటారు. సంక్రాంతి తరువాత ఒక సంబంధంవారు మా అమ్మాయిని చూడవచ్చారు. వారితో వచ్చిన పెద్దామె సోఫా వైపు చూడకుండా నేరుగా కిటికీ పక్కనున్న నవారు మంచం మీద కూర్చొని, మా అత్తగారితో గంటసేపు మాట్లాడారు. ఆ సంబంధం కుదరలేదు. దానికి కారణాలు వేరు. నా మనసులో మిగిలింది ఆ ఇద్దరు వృద్ధురాండ్రు వెలుతురులో కూర్చొన్న దృశ్యం.

ఈ వ్యాసం చదివినవారు తమ ఇంటికి ఒక చిన్న పరీక్ష పెట్టి చూడవలసిందిగా కోరుతున్నాను. ఈ రాత్రి పడుకొనే ముందు ఎడమచేతిని ఒక తువ్వాలుతో మెడకు కట్టుకొని, మందమైన దీపం వెలుగులో, మంచం మీద నుంచి లేచి స్నానాలగదికి మెల్లగా నడచి తిరిగి రండి. ఇంటిలో ఒకరిని తోడుంచుకోండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ పట్టుకోవడానికి ఆధారం లేకపోయిందో ఒక కాగితం మీద వ్రాసుకోండి. మీ ఇంటి అలంకరణకు మొదట కొనవలసిన వస్తువుల జాబితా అదే. ఆ తరువాత మిగిలిన డబ్బుతో గోడకు ఒక అందమైన బొమ్మ కొనుక్కోండి.